ఇతర పొడులు

సోమవారం ఉదయం పదకొండు గంటలకు దేశంలో మత్తుమందులు అంతరించాయి. అసలు పదిన్నరకే అంతరించాల్సింది గానీ, మంత్రిగారి కారు టైరు పంక్చరు కావడంతో అరగంట ఆలస్యమైంది.

ఆ మహత్తర ఘట్టం సరిహద్దు వంతెనకు ఇవతలి కొసన, షామియానా కింద జరిగింది. సరిహద్దు వ్యవహారాల మంత్రిగారు మైకు ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, "ఈ క్షణం నుంచి మన దేశంలో మత్తుమందు అనేది లేదు! వాడేవాడు లేడు, అమ్మేవాడు లేడు, వంతెన దాటించేవాడు అంతకన్నా లేడు!" అని ప్రకటించారు. విలేఖరులు కూడా చప్పట్లు కొట్టారు. విలేఖరులు చప్పట్లు కొట్టకూడదని ఏదో నియమం ఉందట. అంతటి ఘనకార్యం కళ్ళముందు జరుగుతుంటే నియమాలు ఎవరికి గుర్తుంటాయి?

వేదిక పక్కన గేట్ పాస్ పట్టుకుని నిలబడ్డ బక్కపల్చటి మనిషి గోదాము గుమాస్తా. వంతెన మీద పట్టుబడిన సరుకును దాచే ప్రభుత్వ గోదాము తాళాలు ఇరవై ఆరేళ్ళుగా అతని మొలకే వేలాడుతున్నాయి. మంత్రిగారి వెనక గుట్టగా పేర్చిన నలభై బస్తాలు ఆ గోదామువే. ఫొటోలో నిండుగా కనబడాలని పట్టుకొచ్చారు. సభ కాగానే నలభైకి నలభై వెనక్కి తీసుకుపోవాలి.

ఇంతలో వెనక వరసలోంచి ఒక విలేఖరి లేచాడు. ఉద్యోగంలో కొత్తవాడు కాబోలు.

"సార్, ఆ బస్తాల్లో ఏముంది సార్?"

మంత్రిగారు కార్యదర్శి వైపు చూశారు. కార్యదర్శి వాచీ వైపు చూశాడు.

"పదకొండు దాకా మత్తుమందేనండి."

"మరిప్పుడో?"

కార్యదర్శి ఊరికే కార్యదర్శి కాలేదు. రెప్పపాటు కూడా ఆలోచించలేదు. "ఇప్పుడు ఇతర పొడులండి."

"రాసుకోండయ్యా," అన్నారు మంత్రిగారు. "ఇతర పొడులు."

అందరూ రాసుకున్నారు. గుమాస్తా మాత్రం రాసుకోలేదు. అతని మనసు మర్నాటి మీద ఉంది. నాలుగు నెలలు ఎదురుచూడగా, మత్తు మాన్పించే ఆసుపత్రిలో అతని తమ్ముడికి మంగళవారం నాడు మంచం దొరకబోతోంది.

ఈ తమ్ముడి సంగతి చెప్పుకోవాలి. ఆ ఊళ్ళో కాటాలు బాగుచేసేవాడు అతనొక్కడే. బియ్యం కొట్టు కాటా అయినా, బంగారం కొట్టు కాటా అయినా ముల్లు ఒక్క వెంట్రుకవాసి పక్కకు తిరిగిందంటే అతనికే కబురు వెళ్ళేది. స్క్రూ పాతికో వంతు తిప్పి, ఊపిరి బిగబట్టి, ముల్లును సున్నా మీద నిలబెట్టేవాడు. గోదాములోని కాటా కూడా అతను సరిచేసిందే. వంతెన దగ్గర లారీల కాటా బాగుచేయడానికి వెళ్ళినప్పుడు డ్రైవర్లు మత్తు అలవాటు చేశారు. రెండేళ్ళలో ఆ చేతులు టీ గ్లాసు పట్టుకుంటే సగం టీ లుంగీ మీద పడే స్థితికి వచ్చాయి. పనిముట్ల పెట్టె అమ్ముకున్నాడు. ఆసుపత్రిలో చేరదాం రా అని అన్న బతిమాలగా బతిమాలగా, ఒకరోజు తనంతట తనే వచ్చి, "నన్ను ఎక్కడన్నా పడెయ్ అన్నయ్యా, నా వల్ల కావట్లేదు," అని ఏడ్చాడు. గుమాస్తా కూడా ఏడ్చాడు. మర్నాడు వెళ్ళి పేరు రాయించాడు.

మంగళవారం పొద్దున్నే అన్నదమ్ములిద్దరూ ఆసుపత్రికి వెళ్ళేసరికి నిచ్చెన మీద ఒక మనిషి బోర్డు చెరిపేస్తున్నాడు. లోపల పన్నెండు మంచాలూ ఖాళీ. అంతకుముందు సాయంత్రం పదకొండుమంది రోగుల మెడలో పూలదండలు వేసి, 'విముక్తుడు' అని రాసిన యోగ్యతాపత్రాలు చేతిలో పెట్టి, గేటు దాకా సాగనంపారట. వాళ్ళలో ఇద్దరు నడవలేకపోతే రిక్షా మాట్లాడారట. ప్రభుత్వానికి ఆ మాత్రం దయ లేకపోలేదు.

డాక్టరమ్మ ఖాళీ గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. యాభై ఏళ్ళు దాటిన మనిషి. రోగుల చేత మూడు చెరువుల నీళ్ళు తాగించైనా సరే, మానిపించి పంపుతుందని పేరు.

"మాకు ఇవాళ రమ్మన్నారమ్మా," అన్నాడు గుమాస్తా, చీటీ చూపించి.

"నిన్న పదకొండు లోపల వచ్చుంటే చేర్చుకునేదాన్ని గుమాస్తాగారూ. ఇప్పుడు చేర్చుకుంటే రిజిస్టర్లో జబ్బు పేరేం రాయను? లేని మందుకు అలవాటు పడ్డాడని రాయనా?"

"వేరే ఏదన్నా రాయండమ్మా. పుణ్యం కట్టుకోండి."

"జ్వరమని రాద్దామంటే ఇది జ్వరాల ఆసుపత్రి కాదాయె." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "తీసుకెళ్ళండి. గదిలో పెట్టి గొళ్ళెం మాత్రం పెట్టకండి, మనిషి దక్కడు."

ఇంటికి రాగానే గుమాస్తా భార్య విషయం విని అంతెత్తున లేచింది.

"లేదని మీ మంత్రిగారు అంటే లేకుండా పోతుందా? వీధి చివర సోడా కొట్టులో పొద్దున కూడా అమ్ముతుంటేను! మీ తమ్ముడు, ఆ పాపిష్టి పొడి, ఇద్దరూ ఈ దేశంలోనే ఉన్నారు కదండీ. లేనిది ఆసుపత్రి ఒక్కటే."

"మెల్లగా మాట్లాడు," అన్నాడు గుమాస్తా. "ప్రభుత్వోద్యోగి ఇల్లు."

ఈ నిర్మూలన వెనక ఎంతటి ఆలోచన ఉందో పాపం ఆ ఇల్లాలికి తెలియదు. దేశానికి పెద్ద అప్పు ఇవ్వబోతున్న విదేశీ సంస్థ ఒకటి, వంతెన మీద మత్తుమందు రవాణా సున్నా అయితే తప్ప పైసా విదల్చనంది. సున్నా చేయాలంటే కాపలా పెంచాలి, కుక్కల్ని కొనాలి, లారీలు విప్పి చూడాలి. దానికి డబ్బు కావాలి. డబ్బుంటే అప్పెందుకు? అందుకని మంత్రిగారు తనిఖీ రిజిస్టర్లో ఏడో కాలమ్ తీసేయించారు. మత్తుమందుల పద్దు ఏడో కాలమ్‌లోనే రాసేవారు. కాలమ్ పోయింది, పద్దు పోయింది, సరుకు పోయింది. దీనికి మొత్తం ఖర్చు ఒక స్కేలు, ఒక రబ్బరు.

లారీలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఎనిమిదో కాలమ్‌లో 'ఇతర పొడులు' అని రాసి, పన్ను కట్టించుకుని, దర్జాగా వదిలేస్తున్నారు. ఇదివరకు అర్ధరాత్రి లైట్లు ఆర్పుకుని వచ్చే డ్రైవర్లు ఇప్పుడు పగలే హారన్ కొట్టుకుంటూ వస్తున్నారు. నెల తిరిగేసరికి ఆర్థిక సలహాదారు గోదాముకొచ్చి గుమాస్తా భుజం తట్టాడు.

"తెలుసా? వ్యవసాయం రెండు శాతం, పరిశ్రమలు మూడు శాతం, ఇతర పొడులు నలభై ఒక్క శాతం! దేశాన్ని మోస్తున్న సెక్టారయ్యా ఇది!"

"మరి జనం ఆరోగ్యం సార్?"

"అది వేరే శాఖ."

ఇతర పొడుల వర్తక సంఘం కూడా ఒకటి వెలిసింది. దాని అధ్యక్షుడి ముఖం గుమాస్తాకు కొత్త కాదు. 'పట్టిచ్చినవారికి బహుమతి' అంటూ ఆరేళ్ళపాటు ఆ ముఖమే చెక్‌పోస్టు గోడకు వేలాడింది. ఇప్పుడు 'ఉత్తమ పన్ను చెల్లింపుదారు' అంటూ వేలాడుతోంది. మేకు అదే, ఫొటో అదే, కింద రాత ఒకటి మార్చారు.

ఇంత ప్రగతి మధ్య గుమాస్తా తమ్ముడు ఒక్కడే ప్రగతి లేకుండా ఉన్నాడు. రాత్రిళ్ళు నిద్రపోడు, తిన్నది ఇమడదు. వదిన ముక్కుపుడక మాయమైంది. ఆవిడ ఒక్క మాట అనలేదు. అనుంటేనే నయమని గుమాస్తాకు అనిపించింది. కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ప్రతిచోటా మర్యాదగా కుర్చీ వేసి, లేని జబ్బుకు మంచం ఇవ్వలేమని చెప్పి పంపారు.

అటువంటి సమయంలో అప్పిచ్చే సంస్థవాళ్ళు తనిఖీకి వచ్చారు. ముగ్గురు విదేశీయులు, ఒక దుబాసీ. మంత్రిగారు స్వయంగా గోదాములో వాళ్ళకు రిజిస్టరు చూపించారు. వాళ్ళు పేజీలన్నీ తిప్పారు. ఎక్కడా మత్తుమందు లేదు. పెద్దాయన తల గోక్కుని ఏదో అన్నాడు.

"లేనిదాన్ని మీరు ఎలా నిర్మూలించారని అడుగుతున్నారండి," అన్నాడు దుబాసీ. "ఇదివరకు ఉండేదనడానికి సాక్ష్యం కావాలంటున్నారు. బాధితుణ్ణి ఒక్కణ్ణయినా చూపిస్తే అప్పు మంజూరు చేస్తారట."

మంత్రిగారు వెంటనే కార్యదర్శిని పక్కకు లాగారు. "ఆ పదకొండుమందీ ఏరయ్యా, దండలేసి పంపాంగా?"

"ముగ్గురు పోయారండి. తక్కినవాళ్ళు వర్తక సంఘంలో బస్తాలు మోస్తున్నారు. జీతానికి బదులు సరుకే ఇస్తున్నారట. వాళ్ళను చూపిస్తే బాగోదు."

గుమాస్తా ఒక అడుగు ముందుకేశాడు. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పైవాళ్ళు అడగకుండా నోరు విప్పడం అదే మొదటిసారి.

"అయ్యా, మా తమ్ముడున్నాడండి."

"వాడతాడా?" అన్నారు మంత్రిగారు, ఆశగా.

"ఆ సోమవారం పదకొండు దాకా మత్తుమందు వాడేవాడండి."

"తరవాత?"

"ఇతర పొడులు వాడుతున్నాడండి."

మంత్రిగారు అతన్ని కావలించుకున్నారు.

వారం తిరక్కుండా పాత ఆసుపత్రి 'మత్తుపై విజయం' అనే ప్రదర్శనశాల అయింది. గోడల నిండా ఫొటోలు, అద్దాల పెట్టెల్లో ఖాళీ సీసాలు, చివరి గదిలో తాడు కట్టిన మంచం మీద గుమాస్తా తమ్ముడు. తలగడ వైపు ఇత్తడి రేకు మీద 'ఆఖరి బాధితుడు' అని చెక్కించారు. డాక్టరమ్మనే ప్రదర్శనశాల అధికారిణిని చేశారు. ఎలాగైతేనేం, మంచం దొరికింది. గుమాస్తా భార్య రెండు జతల బట్టలు ఇస్త్రీ చేసి పెట్టింది. ఆ రాత్రి మొగుడూ పెళ్ళాలిద్దరూ ఎన్నో నెలల తరవాత కంటినిండా నిద్రపోయారు.

విదేశీయులు చూశారు, తృప్తిపడ్డారు, అప్పు మంజూరైంది. జనం టిక్కెట్టు కొనుక్కుని వచ్చి, తాడు ఇవతల నిలబడి, వణికే మనిషిని చూసి, నిట్టూర్చి వెళ్ళేవారు. సాయంత్రం ఐదింటికి తలుపులు మూశాక డాక్టరమ్మ మామూలుగా తన పని తను చేసేది. పాత బీరువాలో మందులు ఇంకా ఉన్నాయి. గుట్టుచప్పుడు కాకుండా వైద్యం చేసింది.

ఆరు వారాలకు తమ్ముడి బుగ్గలు నిండాయి. ఆకలి వేస్తోందన్నాడు. పొద్దుపోక ప్రదర్శనశాల గోడగడియారం విప్పి బాగుచేశాడు. గుమాస్తా చూడటానికి వెళ్ళినప్పుడు రెండు చేతులూ చాచి చూపించాడు. అవి వణకలేదు. గుమాస్తా తాడుకు ఇవతల నిలబడి, ప్రభుత్వోద్యోగినన్న సంగతి మరిచి, వలవలా ఏడ్చాడు.

కష్టం అక్కడే మొదలైంది. సందర్శకులు ఫిర్యాదుల పుస్తకంలో రాయసాగారు. 'బాధితుడు మాకంటే దుక్కలా ఉన్నాడు', 'టిక్కెట్టు డబ్బు వాపసు ఇవ్వాలి', 'మా పిల్లలతో చదరంగం ఆడి గెలిచాడు'. సలహాదారు వచ్చి చూసి గుడ్లెర్రజేశాడు. రెండో విడత అప్పుకోసం విదేశీయులు మళ్ళీ రావాల్సి ఉంది. ప్రదర్శన వస్తువు ఇలా పాడైపోతే ఎలా?

మర్నాడే గోదాముకు సరుకు పంపమంటూ ఇండెంట్ వచ్చింది. గుమాస్తా కళ్ళజోడు పెట్టుకుని చదివాడు. 'సరుకు: ఇతర పొడులు. పరిమాణం: రోజుకు ఒక పొట్లం. ప్రయోజనం: ప్రదర్శన వస్తువు నిర్వహణ. వాడకం: రోజూ పదకొండు గంటలకు, సందర్శకుల సమక్షంలో.' కార్యదర్శి సంతకం ఉంది, సలహాదారు సంతకం ఉంది. 'వైద్యపరంగా అభ్యంతరం లేదు' అన్నచోట డాక్టరమ్మ సంతకం కూడా ఉంది.

గుమాస్తా మళ్ళీ మొదటినుంచి చదివాడు. ఇన్నేళ్ళలో పైసంతకం ఉన్న ఇండెంటును వెనక్కి పంపిన పాపాన పోలేదు. స్టాకు లేదంటే తప్ప వెనక్కి పంపే వీల్లేదు. గోదాము చూరు దాకా స్టాకే. ఏం చేయాలో తోచక కాగితం వెనక్కి తిప్పాడు. పెన్సిలుతో చిన్న అక్షరాలు కనబడ్డాయి.

'గుమాస్తాగారూ, మీ ఇంట్లో మైదా ఉందా?'

ఆ రోజు నుంచి రెండు నెలలపాటు గోదాములోంచి ప్రదర్శనశాలకు వెళ్ళిన పొట్లాలన్నీ గుమాస్తా భార్య వంటింట్లో కట్టినవే. అంత కచ్చితంగా, అంత ఇష్టంగా ఆవిడ ఏ పనీ చేసి ఉండదు. గుమాస్తా వాటిని నియమం తప్పకుండా కాటా మీద తూచి పంపేవాడు. తమ్ముడు పదకొండింటికి పొట్లం విప్పి పీల్చేవాడు, వరసగా తొమ్మిది తుమ్ములు తుమ్మేవాడు, ఆ తరవాత ఐదింటిదాకా వణికేవాడు. మధ్యాహ్నం భోజనానికి అరగంట మినహాయింపు. మొదట్లో మరీ ఎక్కువ వణికితే డాక్టరమ్మ, "కొంచెం తగ్గించు నాయనా, మంచం విరిగేలా ఉంది," అని సైగ చేసేది. రానురాను ఆరితేరాడు. ఆదివారాలు ఇంటికొచ్చి వదిన ముందు వణికి చూపిస్తే ఆవిడ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

రెండో విడత అప్పు వచ్చింది. మంత్రిగారు పొంగిపోయి డాక్టరమ్మకు ప్రమోషన్ ఇచ్చారు. ప్రమోషన్ మీద ఆవిడ దేశానికి ఆ చివరి జిల్లాకు, పశువుల టీకాల విభాగానికి బదిలీ అయింది. వెళ్ళేముందు గోదాముకొచ్చింది.

"జాగ్రత్త గుమాస్తాగారూ," అంది. "మానడం ఒకసారి చేసే పని కాదు. రోజూ చేయాలి."

"మీ పేరు చెప్పుకుని దీపం పెట్టుకుంటామమ్మా," అన్నాడు గుమాస్తా.

ఆవిడ స్థానంలో వర్తక సంఘం అధ్యక్షుడి అల్లుడు అధికారిగా వచ్చాడు. ఉత్సాహవంతుడు. వచ్చీ రాగానే ప్రదర్శనశాలకు స్పాన్సర్లను పట్టాడు. మంచం పక్క ఇత్తడి రేకు కింద ఇంకో రేకు వెలిసింది. 'నిర్వహణ సౌజన్యం: ఇతర పొడుల వర్తక సంఘం'. ప్రభుత్వం మీద భారం పడకూడదని రోజువారీ పొట్లం కూడా తామే ఉచితంగా సరఫరా చేస్తామన్నారు. గోదాముకు ఇండెంట్లు ఆగిపోయాయి.

"పోనీలెండి, మైదా మిగిలింది," అంది గుమాస్తా భార్య, బస్తా మూతి కడుతూ. కొంచెంసేపయ్యాక చేయి ఆపింది. "ఏమండీ, వాళ్ళిచ్చేది కూడా మైదానే కదా?"

"తమ్ముణ్ణి అడుగుతాలే," అన్నాడు గుమాస్తా.

రెండు ఆదివారాలు తమ్ముడు ఇంటికి రాలేదు. సందర్శకుల రద్దీ అని కబురు పంపాడు. మూడో ఆదివారం వచ్చాడు. గోదాము కాటా ముల్లు సున్నాకు రెండు గీతలు పక్కకు పోయిందని గుమాస్తాయే పిలిపించాడు. ఆ వంక పెట్టుకుని నాలుగు మాటలు మాట్లాడవచ్చని అతని ఆలోచన. తమ్ముడు కొత్త స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. ప్రదర్శనశాలవాళ్ళు ఇచ్చే గౌరవవేతనంతో కొనుక్కున్నదట. గోదాము తలుపులు దగ్గరగా వేసి, ఇద్దరూ బస్తాల మధ్య కూర్చున్నారు. గుమాస్తా ఫ్లాస్కులోంచి టీ పోశాడు. తమ్ముడు గ్లాసు ముట్టుకోలేదు.

కాటా మూత విప్పాడు. స్క్రూ జారి కిందపడింది. తీశాడు. మళ్ళీ పడింది. మూడోసారి పడి, దొర్లుకుంటూ బస్తాల కిందికి వెళ్ళింది.

గుమాస్తా నవ్వాడు. "ఏరా, ఇవాళ ఆదివారంరా. ఇక్కడ చూసేవాళ్ళెవరున్నారని? ఆ వణుకు ఆపెయ్యి."

తమ్ముడు నేల మీద చేత్తో తడుముతూ స్క్రూ వెతుకుతున్నాడు. తల ఎత్తలేదు.

"నేనేం చేయట్లేదన్నయ్యా," అన్నాడు.